కీళ్లవాతం మొదలైన కొత్తలో: మీ ప్రశ్నలు, మా జవాబులు

వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి కీళ్లవాతం మీద వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఊళ్లలో మోకాళ్ల అరుగుదలనూ కీళ్లవాతమే అంటారు, చికున్‌గున్యా తర్వాత మిగిలే నొప్పులనూ అదే పేరుతో పిలుస్తారు. మేం ఇక్కడ రాసేది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ గురించి. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల లోపలి పొర మీద పడి, దాన్ని వాపెక్కించి, పక్కనున్న ఎముకను మెల్లగా తినేసే జబ్బు ఇది. గత ముప్పై ఏళ్లలో దీని మీద జరిగిన ట్రయల్స్ (రోగులను గుంపులు చేసి మందులను పోల్చి చూసే పరీక్షలు) చాలావరకు రెండు ప్రశ్నల చుట్టూ తిరిగాయి: మందు ఎన్నో నెలలో మొదలైంది? మొదలయ్యాక వాచిన కీళ్లను ఎవరైనా లెక్కపెట్టారా?

ప్రశ్న: నాకు 34 ఏండ్లు. బీడీలు చుడుత. రెండు నెలల సంది రెండు చేతుల వేళ్ల మొదట్ల వాపు. పొద్దున లేచినంక తొమ్మిదింటి దాక పిడికిలి పడదు. ఇదివరకు దినాం వెయ్యి బీడీలు చుట్టేదాన్ని, ఇప్పుడు నాలుగు వందలు కూడ అయితలేవు. ఊళ్లె ఆర్‌ఎంపీ సూది ఇస్తే నాలుగు దినాలు మంచిగుంటది, మల్ల మొదలైతది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చింది, వాతం కాదన్నరు. నిజమేనా?
— బీడీ కార్మికురాలు, కోరుట్ల

జవాబు: ఆ ఒక్క పరీక్ష చూసి కాదని చెప్పలేం. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్‌గా ఉండి కూడా ఈ జబ్బు ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు, ముఖ్యంగా మొదటి నెలల్లో. ఏ జబ్బూ లేని పెద్దవయసు వాళ్లలో, హెపటైటిస్ సి ఉన్నవాళ్లలో అది పాజిటివ్ రావడమూ ఉంది. యాంటీ సీసీపీ అనే పరీక్ష ఇంతకన్నా నమ్మకమైనది. అది పాజిటివ్ వస్తే అనుమానం చాలావరకు తీరినట్టే.

బీడీలు చుట్టేవాళ్లకు పని వల్ల వచ్చే నొప్పి వేరుగా ఉంటుంది. కత్తెర పట్టే చేతి బొటనవేలి మొదట్లోనో మణికట్టు పక్కనో వస్తుంది, సాయంత్రానికి పెరుగుతుంది, ఒక పూట చేయి ఆపితే తగ్గుతుంది. మీరు రాసింది దీనికి తలకిందులు. రెండు చేతులూ వాచాయి, రాత్రంతా కదలకుండా ఉన్నాక బిగుసుకుంటున్నాయి, కదిలిస్తుంటే వదులవుతున్నాయి. పొద్దుటి బిగువు అరగంట దాటిందంటేనే అనుమానించాలి. మీకు గంటలు పడుతోంది.

ఇంట్లోనే రెండు సంగతులు చూసుకోండి. పిడికిలి పట్టినంతవరకు పట్టి వేళ్ల గుబ్బల మధ్య చూడండి. మామూలుగా అక్కడ చిన్న చిన్న లోయలు కనిపిస్తాయి. లోపల వాపుంటే అవి పూడుకుపోతాయి. తర్వాత ఇంకొకరిని మీ నాలుగు వేళ్ల మొదళ్లను రెండు పక్కల నుంచి, కరచాలనంలో నొక్కినట్టు నొక్కమనండి. కాలి వేళ్ల మొదళ్లనూ అలాగే నొక్కించండి. మామూలు మనిషికి ఏమీ అనిపించని ఆ నొక్కుడుకే ప్రాణం పోయినట్టుంటే కీలు లోపల మంట ఉన్నట్టు.

2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి చేసిన పాయింట్ల పట్టిక ఒకటుంది. 10కి 6 వస్తే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌గా లెక్క. చిన్న కీళ్లు 4 నుంచి 10 దాకా పట్టుకుంటే 3 పాయింట్లు, పదికి మించితే 5. ఆరు వారాలు దాటితే 1, ఒంట్లో వాపును పట్టిచ్చే రక్తపరీక్షలు ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ పెరిగితే 1. యాంటీ సీసీపీగానీ ఆర్‌ఏ ఫ్యాక్టర్‌గానీ కొద్దిగా పాజిటివ్ అయితే 2, మామూలు హద్దుకు మూడు రెట్లు దాటితే 3. మీకు యాంటీ సీసీపీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్ రెండూ నెగటివ్ అనుకున్నా, కాలి వేళ్లతో కలిపి పదకొండు కీళ్లు పట్టుకుని, ఈఎస్ఆర్ పెరిగి ఉంటే 5, 1, 1 కలిసి 7 అవుతుంది. డాక్టర్ అడగకపోయినా చెప్పులు విడిచి పాదాలు చూపించమనేది అందుకే.

ఆ సూది సంగతి. నాలుగు రోజుల సుఖమిచ్చే సూదుల్లో తరచూ స్టిరాయిడ్ ఉంటుంది. అది వాపును దాచేస్తుంది, ఈఎస్ఆర్‌ను దించేస్తుంది, రిపోర్టు చూసిన డాక్టర్‌ను తప్పుదారి పట్టిస్తుంది. ఇంకో సూది వేయించుకోకముందే వెళ్లండి. ఇప్పటిదాకా ఏ తేదీన ఏ సూది పడిందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. పేరు లేని పొడి మందులు వాడి ఉంటే అవీ చెప్పండి, వాటిలోనూ స్టిరాయిడ్ కలిపి అమ్ముతారు.

వాపుకు ముందు జ్వరం, ఒంటి మీద దద్దురు వచ్చాయా? వస్తే చికున్‌గున్యా ఐజీఎం పరీక్ష చేయించాలి. దాని వాపులు అచ్చం వాతంలాగే నెలలు లాగుతాయి. చేతులు, పాదాలు రెండింటికీ ఎక్స్‌రే తీయిస్తారు. మామూలుగా ఉందంటే సంతోషించండి, జబ్బు లేదని మాత్రం అనుకోకండి. ఎముక తినివేత ఎక్స్‌రేలో కనబడడానికి నెలలు పడుతుంది.

నెదర్లాండ్స్‌లోని లైడెన్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి గమనిస్తే, వాపు మొదలైన 12 వారాల లోపు రుమటాలజిస్టును (ఇలాంటి కీళ్ల జబ్బులు చూసే డాక్టర్‌ను) చేరినవాళ్లకు కీళ్ల నష్టం తక్కువైంది, మందులు లేకుండా నిలబడే అవకాశం పెరిగింది. మీకు ఎనిమిది వారాలు అయిపోయాయి. ఎముకల డాక్టర్ కన్నా రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లండి. దగ్గరలో లేకపోతే వరంగల్ ఎంజీఎంలో జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించుకుని, అవసరమైతే హైదరాబాద్ నిమ్స్ రుమటాలజీకి రాయించుకోవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. నాలుగు నెలల వాపులకు రుమటాయిడ్ అని తేల్చి డాక్టర్ గారు ఒకేసారి మూడు మందులు, పైన స్టిరాయిడ్ రాశారు. ఒక్క గోలీతో మొదలుపెట్టి చూడొచ్చు కదా, మొదటే ఇన్ని ఎందుకని బంధువులంటున్నారు. నాన్నగారు సగం మందులే వేసుకుంటున్నారు.
— హనుమకొండ

జవాబు: మీ బంధువులు చెప్పింది ఒకప్పుడు డాక్టర్లు పాటించిన పద్ధతే. ముందు నొప్పి మాత్రలు, అవి చాలకపోతే జబ్బునే అణిచే ఒక అసలు మందు, అదీ చాలకపోతే ఇంకోటి అంటూ మెట్టు మెట్టు ఎక్కేవారు. పై మెట్టు చేరేలోపు వేళ్లు వంకర తిరిగేవి. ఆ పద్ధతి ఎందుకు పోయిందో నాన్నగారికి అర్థమయ్యేలా చెప్పాలి. సగం మందులు వేసుకోవడమంటే ఆ పాత పద్ధతికి తనంతట తాను తిరిగి వెళ్లడమే.

1997లో నెదర్లాండ్స్ వాళ్లు ‘కోబ్రా’ ట్రయల్ ఫలితాలు ప్రకటించారు. జబ్బు కొత్తగా వచ్చిన 155 మంది. ఒక గుంపుకు సల్ఫాసలజిన్ ఒక్కటే, రోజుకు 2 గ్రాములు. రెండో గుంపుకు దానితోపాటు వారానికి 7.5 మి.గ్రా. మెథోట్రెక్సేట్, ఇంకా ప్రెడ్నిసొలోన్. ఈ స్టిరాయిడ్‌ను రోజుకు 60 మి.గ్రా.తో మొదలుపెట్టి వారం వారం దించుతూ 7.5కి తెచ్చారు, 28 వారాల తర్వాత ఆపేశారు. 40 వారాల తర్వాత మెథోట్రెక్సేట్ కూడా ఆపారు. ఆపాక నొప్పి, వాపు విషయంలో రెండు గుంపులూ దాదాపు సమానమయ్యాయి. ఎక్స్‌రేలు మాత్రం సమానం కాలేదు. మొదటి నెలల్లో గట్టి మందు పడినవాళ్ల ఎముకలు నాలుగైదేళ్ల తర్వాత కూడా నెమ్మదిగానే దెబ్బతింటూ వచ్చాయి. నొప్పి తగ్గిందా లేదా అన్నది ఎముక లోపలి సంగతి చెప్పదని ఆ ట్రయల్ చూపించింది. నొప్పి మాత్రల మీదే నెట్టుకొచ్చేవాళ్ల గురించి మాకు భయం అందుకే.

రెండేళ్లకు ఫిన్లాండ్ నుంచి ‘ఫిన్‌రాకో’ వచ్చింది. మూడు మందులు, కొద్దిపాటి ప్రెడ్నిసొలోన్ కలిపి ఇచ్చిన గుంపులో రెండేళ్లకు 37 శాతం మందిలో జబ్బు పూర్తిగా అణిగింది. ఒక్కో మందుతో నడిచిన గుంపులో 18 శాతం. మీ నాన్నగారికి బాగా వర్తించేది దాని తర్వాతి విశ్లేషణ. ఒక్క మందు గుంపులో, నొప్పులు మొదలై నాలుగు నెలలు దాటకముందే మందు పడినవాళ్లలో 35 శాతం బాగుపడితే, నాలుగు నెలలు దాటినవాళ్లలో 11 శాతమే బాగుపడ్డారు. కలిపి ఇచ్చిన గుంపులో ఆ తేడా రాలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లను ఒక్క మందు మీద వదలడం ఎంత నష్టమో ఈ అంకెల్లో ఉంది.

మూడోది స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో జరిగిన ‘టికోరా’, ఫలితాలు 2004లో వచ్చాయి. మాకు అన్నిటికన్నా ఎక్కువ పాఠం నేర్పింది ఇదే. 110 మందిని రెండు గుంపులు చేశారు. అందుబాటులో ఉన్న మందులు ఇద్దరికీ పాత, చవక మందులే. ఒక గుంపును మూడు నెలలకోసారి మామూలుగా చూశారు. రెండో గుంపును ప్రతి నెలా పిలిచి కీళ్లు లెక్కపెట్టి, డీఏఎస్ అనే స్కోరు (కింద చెప్పే సీడీఏఐ వేరు) 2.4 కంటే ఎక్కువుంటే ఆ రోజే మందు పెంచారు, వాచిన కీలులో స్టిరాయిడ్ సూది వేశారు. పద్దెనిమిది నెలలకు మామూలు గుంపులో 16 శాతం, నెలనెలా కొలిచిన గుంపులో 65 శాతం మందిలో జబ్బు అణిగింది. కొత్త మందు ఒక్కటి కూడా లేకుండా వచ్చిన తేడా అది.

అందరికీ నాలుగు మందులు కావాలా అంటే, అక్కర్లేదనే తర్వాతి ట్రయల్స్ చెప్పాయి. బెల్జియంలో జరిగిన ‘కేర్‌ఆర్‌ఏ’లో వారానికి 15 మి.గ్రా. మెథోట్రెక్సేట్ ఒక్కటే అసలు మందుగా ఇచ్చి, 30 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్‌తో మొదలుపెట్టి వారాల్లో 5కి దించినవాళ్లు, రెండు మూడు మందులు కలిపి తీసుకున్నవాళ్లకు ఏమాత్రం తీసిపోలేదు. నాలుగు నెలలకు ఈ గుంపులన్నిటిలోనూ దాదాపు 70 శాతం మందిలో జబ్బు అణిగింది, ఇబ్బందులు ఈ తేలిక పద్ధతిలోనే తక్కువ. కాబట్టి మీ డాక్టర్ గారు రాసిన పద్ధతి తప్పేమీ కాదు, దానికన్నా తేలికైనదీ ఉంది. సగం మానేయడం బదులు ఎదురుగా కూర్చుని రెండు మాటలు అడగండి: మెథోట్రెక్సేట్ ఎంత దాకా పెంచుతారు, స్టిరాయిడ్ ఏ తేదీకి ఎంతకు దిగుతుంది? ఆ రెండో జవాబు చీటీ మీద రాయించుకోండి. తగ్గించే లెక్క లేకుండా రాసిన స్టిరాయిడ్ ఏళ్లకేళ్లు సాగుతుంది.

స్టిరాయిడ్‌ను పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోవాలి. దీనివల్ల షుగర్ మధ్యాహ్నం, సాయంత్రం పెరుగుతుంది. పరగడుపు పరీక్ష బాగానే ఉందని మోసపోవద్దు, భోజనం తర్వాత రెండు గంటలకు చూడాలి. బీపీ చూస్తుండాలి, కాల్షియం, విటమిన్ డి తోడుగా ఉండాలి. కొన్ని వారాలు వాడాక ఒక్కసారిగా ఆపకూడదు, ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టిరాయిడ్ అప్పటికి మందగించి ఉంటుంది. 65 దాటినవాళ్లకు రోజుకు 5 మి.గ్రా. రెండేళ్లు ఇచ్చి చూసిన ‘గ్లోరియా’ ట్రయల్‌లో జబ్బు, ఎముక నష్టం తగ్గాయి, దానితోపాటు ఇన్ఫెక్షన్లు కొంత పెరిగాయి. రెండూ తూకం వేసుకోవాలి.

ప్రశ్న: సిరిసిల్ల. పవర్‌లూమ్ పని. మెథోట్రెక్సేట్ రాసిండ్రు. ఫోన్ల చూస్తే క్యాన్సర్ మందు అని ఉంది. వారానికి ఒక్కసారే వేసుకొమ్మన్నరు, ఒక్కసారితోని ఏం పని చేస్తది? సాయంత్రం కల్లు తాగే అలవాటు ఉన్నది.

జవాబు: క్యాన్సర్‌కు వాడేటప్పుడు దాని మోతాదు ఎన్నో రెట్లు ఎక్కువ. వాతానికి వారానికి 7.5 నుంచి 15 మి.గ్రా.తో మొదలుపెట్టి, రెండు నాలుగు వారాలకోసారి పెంచుతూ 20, 25 దాకా వెళతారు. ఇంత తక్కువ మోతాదులో అది కణాలను చంపే పని చేయదు, మంటను అణుస్తుంది. మందు కణాల లోపల చేరి రోజుల తరబడి నిలుస్తుంది కాబట్టి వారానికి ఒక్కరోజు చాలు. ఫలితం కనబడడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈలోపు పని చేయట్లేదని ఆపేసేవాళ్లు చాలామంది.

దీంతో జరిగే అతి పెద్ద పొరపాటు రోజూ వేసుకోవడం. అలా వారం రోజులు వేసుకున్నవాళ్లు నోరంతా పుండై, తెల్లరక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. మందుల షాపులో కవరు మీద ‘1-0-0’ అని, అంటే రోజూ పొద్దున ఒకటని, అలవాటు కొద్దీ రాసేస్తారు. మీరు ఒక రోజు ఎంచుకోండి, ఆదివారమే అనుకుందాం. మాత్రల పట్టీ మీద పెన్నుతో ‘ఆదివారం మాత్రమే’ అని రాయండి. చదువు రానివాళ్లయితే ఇంట్లో ఒకరు ఆ రోజు మాత్ర చేతికిచ్చి పట్టీ మళ్లీ లోపల పెట్టాలి. ఫోలిక్ యాసిడ్ మాత్ర వేరే రోజు, సోమవారం. రెండూ చిన్న పసుపు మాత్రలుగా ఉండే కంపెనీలు ఉన్నాయి, కాబట్టి రెండూ ఒకే డబ్బాలో పోయకండి. 2.5, 10 మి.గ్రా. మాత్రలు చూడడానికి ఒకేలా ఉంటాయి. షాపు మారినప్పుడల్లా పట్టీ మీద అంకె చదవండి.

ఫోలిక్ యాసిడ్ వల్ల వికారం తగ్గుతుంది, లివర్ ఎంజైములు పెరగడం తగ్గుతుంది. ఎంత కావాలని చండీగఢ్ పీజీఐలో ట్రయల్ చేశారు. వారానికి 10 మి.గ్రా., 30 మి.గ్రా. పోల్చి చూస్తే ఎక్కువ ఇచ్చినందుకు అదనపు లాభం కనబడలేదు.

మొదలుపెట్టకముందు చేయించాల్సినవి: సీబీపీ (రక్తకణాలకు), ఎస్‌జీపీటీ (లివర్‌కు), క్రియాటినిన్ (మూత్రపిండాలకు), హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే. మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి మొదటి మూడు రక్తపరీక్షలు మళ్లీ చేయించాలి. వాంతులు, విరేచనాలు, గట్టి జ్వరం ఉన్న వారం మాత్ర మానేయండి. ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు మందును బయటికి పంపలేవు, అది లోపలే పేరుకుంటుంది. నోటి పుండ్లు, ఒంటి మీద నీలిమచ్చలు, తగ్గని పొడిదగ్గు, ఆయాసం కనబడితే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి. ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: మూత్రంలో మంటకో విరేచనాలకో షాపులో ఇచ్చే కోట్రైమాక్సజోల్ అనే సల్ఫా యాంటీబయాటిక్ దీనితో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు మెథోట్రెక్సేట్ వాడుతున్నానని చెప్పాలి.

వికారం ఉంటే రాత్రి భోజనం తర్వాత వేసుకుని పడుకోండి. లేదా డాక్టర్‌ను అడిగి ఆ ఒక్కరోజులోనే పొద్దున సగం, రాత్రి సగం వేసుకోవచ్చు. 15 మి.గ్రా. దాటాక పేగు పీల్చుకునేది తగ్గుతుంది. అక్కడి నుంచి చర్మం కింద వేసుకునే సూది ఎక్కువ పని చేస్తుంది.

కల్లు మానేయాలి. మందూ లివర్ మీద భారమే, కల్లూ భారమే. అయితే రోజూ కల్తీ కల్లుకు అలవాటు పడినవాళ్లు ఒక్కరోజులో ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్‌కు దాచకుండా చెప్పి, ఆయన సాయంతో మానండి.

ప్రశ్న: వంకాయ, చింతపండు, టమాట మానేయమంటున్నారు. నిజంగా మానాలా?
— పరకాల

జవాబు: మానక్కర్లేదు. మానాల్సింది బీడీ, సిగరెట్, పొగాకు. పొగ తాగేవాళ్లకు ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ, వచ్చాక మెథోట్రెక్సేట్ పని చేసే అవకాశం తక్కువ.

ప్రశ్న: మాది ములుగు దగ్గర ఊరు. డాక్టర్ గారు హైదరాబాద్‌లో. ప్రతి నెలా రమ్మంటున్నారు. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు కదలలేం. మూడు నెలలకోసారి వెళితే చాలదా? స్కానింగ్ చేసి చూస్తే నెలనెలా పోయే పని తప్పుతుందా?

జవాబు: స్కానింగ్ అక్కర్లేదు. నార్వేలో ‘ఆర్కిటిక్’ ట్రయల్ చేసి, ప్రతిసారీ అల్ట్రాసౌండ్ చూసి మందు మార్చినవాళ్లను, చేత్తో కీళ్లు చూసి మార్చినవాళ్లను పోల్చారు. స్కానింగ్ వల్ల రోగికి అదనంగా ఒరిగిందేమీ లేదు. చేతి లెక్క చాలు. ఆ లెక్క ఇంట్లో వేయడం నేర్చుకుంటే, డాక్టర్ గారు ఒప్పుకుంటే, మధ్య నెలల్లో అంకెలు వాట్సాప్‌లో పంపి మోతాదు మార్పించుకోవచ్చు. మొదటి ఆరు నెలలు మాత్రం ఏ నెలా లెక్క తప్పకూడదు. నాట్ల నెల కూడా నెలే.

లెక్కకు 28 కీళ్లు. భుజాలు రెండు, మోచేతులు రెండు, మణికట్లు రెండు, వేళ్ల మొదళ్లు పది, వేళ్ల నడిమి కీళ్లు పది (బొటనవేలికి ఉన్న ఒక్క మడత కీలునే లెక్కలోకి తీసుకోవాలి), మోకాళ్లు రెండు. పొద్దున బిగువు వదిలాక, ప్రతి నెలా ఒకే వేళకు, ఇంట్లో ఒకే మనిషి చూడాలి. చూసే మనిషి బొటనవేలితో కీలు మీద తన గోటి కింద ఎరుపు పోయి తెల్లబడేంత గట్టిగా నొక్కాలి. నొప్పి అంటే 1. ఆ తర్వాత వాపు. వేలి నడిమి కీలును రెండు పక్కల నుంచి ఒక చేతి బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుని, ఇంకో చేతి వేళ్లతో పైనా కిందా మెల్లగా నొక్కాలి. వాపుంటే ఒక పక్క నొక్కితే రెండో పక్క వేళ్ల కింద మెత్తగా ఉబుకుతుంది, నీళ్లు నింపిన బెలూన్‌లా. గట్టిగా, రాయిలా ఉంటే అది ఎముక, వాపు కింద లెక్కపెట్టకండి. అరుగుదల ఉన్నవాళ్లకు అలాంటి ముళ్లు వేళ్ల చివరి కీళ్ల దగ్గర ఉంటాయి, అవి ఈ 28లో రావు.

నొప్పి కీళ్ల సంఖ్య, వాపు కీళ్ల సంఖ్య, జబ్బు మొత్తం మీద ఎంత బాధపెడుతోందని రోగి 10కి వేసుకునే మార్కు, డాక్టర్ వేసే మార్కు. నాలుగూ కూడితే సీడీఏఐ అనే స్కోరు వస్తుంది. రక్తపరీక్ష అక్కర్లేదు, పల్లెకు ఇంతకన్నా అనువైన కొలత లేదు. ఉదాహరణకు నొప్పి 6, వాపు 4, మీ మార్కు 5, డాక్టర్ మార్కు 4 అయితే 19. 2.8 లోపు అయితే జబ్బు అణిగినట్టు, 10 లోపు తక్కువ, 22 లోపు మధ్యస్థం, ఆ పైన తీవ్రం. మందు మొదలైన మూడు నెలలకు స్కోరు కనీసం సగమవ్వాలి, ఆరు నెలలకు లక్ష్యం చేరాలి. లేదంటే అదే చీటీ మళ్లీ రాయించుకుని రాకండి, మార్చమని అడగండి. వేళ్లు, మోకాళ్లు బాగుండి పాదాలు వాచినవాళ్లు ఆ సంగతి విడిగా రాయాలి. పాదాలు ఈ 28లో లేవు, అందుకే స్కోరు బాగుందని నిర్లక్ష్యం జరుగుతుంది.

రక్తపరీక్షలకు హైదరాబాద్ దాకా అక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా చేయించుకుని రిపోర్టు పంపితే సరిపోతుంది.

ప్రశ్న: నాకు 24. పెళ్లై ఏడాది. మెథోట్రెక్సేట్ మొదలుపెడతామంటున్నారు. పిల్లలు కావాలనుకుంటున్నాం. అత్తమ్మకు ఎలా చెప్పాలో తెలియట్లేదు.
— జనగామ

జవాబు: అమ్మా, అన్నిటికన్నా ముందు ఈ సంగతి మీ డాక్టర్‌కు చెప్పండి, మందు ఎంపికే మారుతుంది. మెథోట్రెక్సేట్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది, గర్భస్రావం అవుతుంది. వాడినన్నాళ్లూ గర్భం రాకుండా చూసుకోవాలి, ప్రయత్నానికి మూడు నెలల ముందు ఆపాలి. లెఫ్లునమైడ్ అయితే మీ విషయంలో అసలు వద్దు. ఆపాక కూడా అది ఒంట్లో నెలల తరబడి నిలుస్తుంది, కడిగేయడానికి విడిగా ఇంకో మందు వాడాల్సి వస్తుంది.

రెండు దారులున్నాయి. పిల్లల ఆలోచన వెంటనే ఉంటే హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్, అవసరమైతే తక్కువ స్టిరాయిడ్‌తో నడపవచ్చు. ఇవి గర్భంలోనూ వాడతారు, ఫోలిక్ యాసిడ్ తోడుగా. జబ్బు తీవ్రంగా ఉంటే ఏడాది ఆగి, మెథోట్రెక్సేట్‌తో గట్టిగా అణిచి, ఆపి, ఆ తర్వాత ప్రయత్నించడం మంచిది. వాపులు అణగకుండా గర్భం రావడమే కష్టం కావచ్చు. హైడ్రాక్సీక్లోరోక్విన్ కిలో బరువుకు రోజుకు 5 మి.గ్రా. దాటకూడదు. మీరు 45 కిలోలుంటే 225 మి.గ్రా. హద్దు, అంటే రోజుకు 200 మాత్ర ఒక్కటే. అలవాటుగా 400 రాస్తే బరువు చెప్పి అడగండి. కళ్ల పరీక్ష మొదట ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా. సల్ఫాసలజిన్ రోజుకు 500 మి.గ్రా.తో మొదలుపెట్టి వారానికి 500 చొప్పున 2 గ్రాముల దాకా పెంచుతారు. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడకండి. సల్ఫా మందు పడనివాళ్లు ముందే చెప్పాలి.

అత్తమ్మగారిని ఒకసారి డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి. పిల్లలు పుట్టరని ఎవరూ అనట్లేదని, ఏ నెలలో ప్రయత్నించాలన్నదే లెక్క అని ఆమె డాక్టర్ నోటి నుంచే వినాలి.

ప్రశ్న: ఖరీదైన బయోలాజికల్ ఇంజెక్షన్లు మొదటే వేయిస్తే జబ్బు పూర్తిగా పోతుందని ఒకరు చెప్పారు. పొలం అమ్మైనా వేయిద్దామా?
— కరీంనగర్

జవాబు: అమ్మకండి. నెదర్లాండ్స్‌లో ‘బెస్ట్’ అనే ట్రయల్ 508 మందిని నాలుగు దారుల్లో పెట్టింది. ఒక దారిలో మొదటి రోజు నుంచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే బయోలాజికల్ ఇంజెక్షన్, ఇంకో దారిలో కోబ్రా తరహా పాత మందులు, స్టిరాయిడ్. మిగతా రెండింటిలో ఒక్క మందుతో మొదలు. మూడు నెలలకోసారి అందరి డీఏఎస్ స్కోరూ చూసి, 2.4 దాటితే మందు మార్చారు. మొదటి ఏడాది ఇంజెక్షన్ గుంపు, స్టిరాయిడ్‌తో కలిపిన గుంపు త్వరగా కోలుకున్నాయి, రెండూ సమానంగా. తర్వాతి ఏళ్లలో నాలుగు గుంపులూ పనులు చేసుకునే శక్తిలో ఒకచోటికే చేరాయి.

మెథోట్రెక్సేట్ చాలనివాళ్లకైనా ఇంజెక్షన్ ఒక్కటే దారి కాదు. 2013లో వచ్చిన ‘రాక్యాట్’ ట్రయల్‌లో 353 మందిలో సగానికి సల్ఫాసలజిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపారు, సగానికి ఎటనర్సెప్ట్ ఇంజెక్షన్ కలిపారు. 24 వారాలకు మెరుగుపడనివాళ్లను రెండో వైపుకు మార్చారు. 48 వారాలకు మాత్రల దారి ఇంజెక్షన్ దారికి తీసిపోలేదు. కాబట్టి మెథోట్రెక్సేట్ 20, 25 దాకా పెంచి, సూది రూపంలో ఇచ్చి, మూడు మందులూ కలిపి, ఆరు నెలలు లెక్కపెట్టి చూశాక కూడా స్కోరు దిగకపోతే అప్పుడు బయోలాజికల్ మాట ఎత్తాలి. అప్పటికీ అవసరమైనవాళ్లు ఉంటారు, వాళ్లకు అవి నిజంగా మేలు చేస్తాయి. వేయించుకునే ముందు టీబీ చూడాలి. మన దగ్గర చాలామంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది, ఈ ఇంజెక్షన్లలో కొన్ని దాన్ని లేపుతాయి. ఛాతీ ఎక్స్‌రే, టీబీ చర్మ పరీక్ష లేదా రక్తపరీక్ష లేకుండా వేస్తామంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: ఏడాదిగా నొప్పి లేదు, వాపు లేదు. మందులు ఆపేయొచ్చా?
— నర్సంపేట

జవాబు: ఒక్కసారిగా ఆపకండి. నార్వేలో ఏడాది పాటు జబ్బు అణిగి ఉన్న 160 మందితో ఇదే ప్రశ్న మీద ట్రయల్ చేశారు. సగం మందికి మెథోట్రెక్సేట్ లాంటి మందుల మోతాదు సగం చేశారు, మిగతావాళ్లకు అలాగే ఉంచారు. ఏడాదిలో అలాగే ఉంచినవాళ్లలో 6 శాతం మందికి జబ్బు తిరగబెడితే, సగం చేసినవాళ్లలో 25 శాతం మందికి తిరగబెట్టింది. అదే అంకెను ఇంకో వైపు నుంచి చదివితే, నలుగురిలో ముగ్గురు సగం మోతాదుతోనూ బాగానే ఉన్నారు. తగ్గించడం తప్పు కాదు, చెప్పకుండా తగ్గించడం తప్పు.

తగ్గించే వరుస ఉంది. ముందు పోవాల్సింది స్టిరాయిడ్. అది పూర్తిగా పోయి, ఆరు నెలలు సీడీఏఐ స్కోరు 2.8 లోపే ఉంటే, మెథోట్రెక్సేట్‌ను 2.5 లేదా 5 మి.గ్రా. చొప్పున, ఒక్కో మెట్టు మీద మూడు నెలలు ఆగి దించవచ్చు. నొప్పి మాత్ర వేసుకుంటూ బాగుందనుకోకూడదు, లెక్కకు రెండు రోజుల ముందు నుంచి అది మానాలి. యాంటీ సీసీపీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు తిరగబెట్టే అవకాశం ఎక్కువ, వాళ్లు ఇంకా నెమ్మదిగా దిగాలి. దించే నెలల్లో మళ్లీ నెలనెలా కీళ్ల లెక్క మొదలుపెట్టండి. ఒక్క కీలైనా మెత్తగా ఉబికితే, పొద్దుటి బిగువు అరగంటకు చేరితే, పాత మోతాదుకు అదే వారం తిరిగి వెళ్లి డాక్టర్‌కు ఫోన్ చేయండి.